మూడు ఎడమ బూట్లు

శిబిరంలో అతణ్ణి అందరూ చిత్రగుప్తుడనేవాళ్లు. ముద్దొస్తే చిత్రన్న. ఎవరు సెలవులో ఉన్నారు, ఎవరు ఆస్పత్రిలో ఉన్నారు, ఎవరు పోయారు, పోతే ఆ కబురు ఎవరికి చేరాలి, ఇదీ అతని ఉద్యోగం. భోజనాల గుడారంలోకి అతను అడుగుపెడితే చాలు, "అమ్మో, నా పద్దు తియ్యకన్నా, నాకింకా పెళ్లి కాలేదు" అని కుర్రాళ్లు బల్లల కింద దూరేవాళ్లు. "నీకు పిల్లనెవడిస్తాడ్రా, ముందు ఆ మేజోళ్లు ఉతుక్కో" అని అతనూ అంటించేవాడు. చావు మీద ఎకసెక్కాలు ఆడకపోతే అక్కడ ఎవరికీ ముద్ద దిగదు.

ఆ రోజు పొద్దెక్కాక నలుగురు ఒక బండిలో కల్వర్టు దారి చూసి రావడానికి బయల్దేరారు. బండి నడిపేది మీసాలాయన. అతని పక్కన దళనాయకుడు. వెనక బక్కోడు, బామ్మర్ది. ఈ బామ్మర్ది ఉత్తుత్తి బామ్మర్ది కాదు, చిత్రన్న భార్యకు సొంత తమ్ముడు. "బావా" అంటూ శిబిరం అదిరేలా కేకలు పెట్టేసరికి వంటవాడి దగ్గర్నుంచి మేజరు దాకా అందరికీ బామ్మర్దే అయిపోయాడు. తల్లీ తండ్రీ పోతే అక్కే వాణ్ణి పెంచింది. పెళ్లి చేసుకున్నందుకు చిత్రన్నకు భార్యతోపాటు నిక్కరు తొడుక్కున్న ఈ వెధవ కూడా వచ్చాడు. బావ ఉన్న శిబిరానికే వాడికి పోస్టింగ్ వచ్చినప్పుడు, "నువ్వున్నావు కాబట్టి ధైర్యంగా పంపుతున్నా" అని ఆవిడ భర్తతో ఒకే ఒక్క మాటంది. ఆ మాట అతనికి రాయి కట్టుకున్నంత బరువుగా ఉండేది.

పేలుడుకి గుడారం గుంజలు ఊగాయి. బల్ల మీది టీ ఒలికి కాగితాలన్నీ తడిసాయి. వెంటనే కల్వర్టు వైపు నుంచి తుపాకులు మొదలయ్యాయి.

చిత్రన్న ముందు ఫోన్ల తీగ పీకేశాడు. ఎవరైనా పోతే, ఇద్దరు యూనిఫారంవాళ్లు వెళ్లి తలుపు తట్టి ఆ ఇంటివాళ్లకు ఎదురుగా చెప్పాలి తప్ప, తోటివాడెవడో ఫోన్లో ఏడిస్తే తెలియకూడదు. అతని చేతులు ఆ పని అలవాటుగా చేశాయి.

బండి దగ్గరికి ముందు వెళ్లినవాళ్లు తూటాల మధ్య పాక్కుంటూ రోడ్డు మీద దొరికిందంతా ఏరుకొచ్చారు. డాక్టరు గుడారంలో నల్లసంచులు విప్పితే ఇంకా పొగ వస్తోంది. మీసాలాయనకు ముఖం సగమే మిగిలింది, ఆ సగం మీద మీసం చెక్కుచెదరలేదు. నాయకుణ్ణి జబ్బ మీది పచ్చబొట్టుతో గుర్తుపట్టారు. నడుం కింద అతనికేమీ లేదు, పేగులు సంచికి అంటుకుపోయాయి. మిగతాదంతా ఎవరిదో తెలియని మాంసం. తలలేని మొండెం ఒకటి బొగ్గైపోయింది. దాన్ని కదిలిస్తే పక్కటెముకలు పుల్లల్లా విరిగాయి.

ఇలాంటప్పుడు ఎంతమందో తేల్చడానికి డాక్టరూ చిత్రన్నా కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. చేతులూ వేళ్లూ లెక్కపెడితే లెక్క తప్పుతుంది. బూటు గట్టిది, కాలు తెగి ఎగిరినా పాదం అందులోనే ఉంటుంది. అందుకని ఎడమ బూట్లు లెక్కపెట్టాలి. చిత్రన్న మోకాళ్ల మీద కూర్చుని, మోచేతుల దాకా నెత్తురు చేసుకుని వెతికాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగోది ఎంత వెతికినా లేదు.

"ఆ మూడోది విప్పు. పాదం చూస్తే నువ్వు గుర్తుపడతావు" అన్నాడు డాక్టరు మెల్లిగా.

బూటు అతని చేతిలోనే ఉంది. ఇంకా వేడిగా ఉంది. తాడు రెండు ముళ్లు వేసి ఉంది.

"అక్కర్లేదు సార్. మూడే ఉన్నాయి. నాలుగోవాడు ఇక్కడ లేడు, అంతే" అని దాన్ని పసిబిడ్డను పడుకోబెట్టినట్టు కిందపెట్టాడు.

అతని లెక్క అతనికుంది. గేటు దగ్గర ఎవరు ఏ సీటులో కూర్చున్నారో కాపలావాడు చెప్పించుకుంటాడు. ఆ వరస ప్రకారం వెనక తలుపు పక్కన ఉన్నది బామ్మర్ది. బండి ఎగిరితే ముందు బయటపడేది ఆ సీటువాడే. మామూలు రోజుల్లో ఇదే చిత్రన్న "గేటు మాట నీటి మీద రాత, మలుపు తిరిగాక వెధవలు ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటారు" అని విసుక్కునేవాడు. ఆ రోజు అదే గేటు మాట అతనికి వేదవాక్కు అయి కూర్చుంది.

మేజరు ఇసుక బస్తాల గోడ వెనక, చేతిలో రేడియోతో నిలబడి ఉన్నాడు. తూటాలు తగిలి బస్తాలు చిరిగి ఇసుక కారుతోంది.

"ఎంతమంది?"

"ముగ్గురు పోయారు సార్. ఒకడు కనపడటం లేదు."

"కనపడకపోవడమేంటయ్యా! బండి తునాతునకలైంది. నలుగురూ పోయారని రాసివ్వు. శత్రువులు ఆ కల్వర్టు తూములో నక్కారు. నువ్వు నలుగురన్న మరుక్షణం ఫిరంగులతో ఆ తూము లేపేస్తా. మనవాడు బతికున్నాడంటే నేను కాల్చలేను, అక్కడికి మళ్లీ మనుషుల్ని పంపాలి. ఎందరు చస్తారో తెలుసా?"

"తెలుసు సార్."

మేజరు అతని ముఖంలోకి చూశాడు. "ఈ మాట గుమాస్తాగా చెప్తున్నావా, బావగా చెప్తున్నావా?"

"గుమాస్తాగానే సార్. మూడు పాదాలు చూసి నాలుగు చావులు రాయమంటే రాయను. కావాలంటే నన్ను జైల్లో పెట్టండి."

మేజరు బూతులు తిట్టాడు. అతని అమ్మనీ, గుమాస్తాగిరీనీ, రూళ్లు రాసినవాణ్నీ కలిపి తిట్టి, ఆఖరికి మనుషుల్ని పిలిచాడు. అడగకుండానే ముందుకొచ్చింది డ్రిల్లు మాస్టారు. నవ్వడం అంటే ఏమిటో ఎరగని మనిషి. తూటాల పెట్టె నడుముకు బిగించుకుంటూ, "ఏడవకు చిత్రగుప్తా. నీ బామ్మర్దిని చెవి పట్టుకుని లాక్కొస్తా" అన్నాడు.

మేజరు పక్కనే నిలబడి దూరదర్శినిలో అంతా చూశాడు చిత్రన్న. చూడకుండా ఉండే హక్కు తనకు లేదనిపించింది. మాస్టారూ ఇంకో ఐదుగురూ రోడ్డు వార కాలవలో బురదలో పాక్కుంటూ వెళ్లారు. తూము నోట్లోకి గ్రెనేడు విసిరారు. పొగలోంచి ఒకడు కాలిపోతూ బయటికొస్తే మాస్టారు తుపాకి మడమతో వాడి ముఖం మీద కొట్టాడు. వాడు పడ్డాక కూడా ఆపలేదు, కొడుతూనే ఉన్నాడు. ఇంకొకడు వెనక నుంచి మీద పడ్డాడు. ఇద్దరూ నీళ్లలో దొర్లారు. కత్తి ఎవరిదో తెలియలేదు, అది మాత్రం మాస్టారి గొంతులో దిగింది. ఆయన రెండు చేతులతో మెడ పట్టుకుని లేచి నిలబడ్డాడు, వేళ్ల సందుల్లోంచి నెత్తురు చిమ్ముతుండగా రెండడుగులు నడిచి, బోర్లా పడిపోయాడు. ఆయన్ని పొడిచినవాణ్ణి మనవాళ్లు అక్కడికక్కడే తూట్లు పొడిచేశారు.

ఆ తర్వాత రేడియోలో ఎవరో అరిచారు. "ఉన్నాడు! తూము పక్కనే ఉన్నాడు! బతికున్నాడు!"

చిత్రన్న కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. పక్కనున్నది మేజరన్న సంగతి మర్చిపోయి ఆయన భుజం పట్టుకుని ఊపేశాడు.

స్ట్రెచరు మోసుకుని వాళ్లు గేటులోకి రాగానే అతను ఎదురు పరుగెత్తాడు. పడుకున్నవాడి ముఖమంతా బురదా నెత్తురూ. కుడికాలు పిక్క దగ్గర చీరుకుపోయి ఎముక కనిపిస్తోంది. "ఒరేయ్, ఒరేయ్, నేన్రా బావని" అంటూ చిత్రన్న చొక్కా చేతితో ఆ ముఖం తుడిచాడు.

బక్కోడు.

"చిత్రన్నా" అన్నాడు వాడు పళ్లు కొట్టుకుంటూ. "నాకు బండి పడదు కదన్నా. వాంతొస్తోందంటే మలుపు దగ్గర బామ్మర్ది లేచి తలుపు పక్క సీటు నాకిచ్చాడు. గాలి తగుల్తుంది కూర్చోరా అన్నాడు. వాడెలా ఉన్నాడన్నా?"

చిత్రన్న డాక్టరు గుడారంలోకి వెళ్లాడు. బూటు అతను పెట్టినచోటే ఉంది, చల్లారింది. తాడు ముళ్లు వేళ్లకు లొంగకపోతే పంటితో లాగి విప్పాడు. మేజోడు దించాడు. బొటనవేలి కంటే రెండోవేలు పొడుగు. ఇంట్లో అతని భార్యకూ అంతే. రెండోవేలు పొడుగున్నవాళ్లు మొగుణ్ణి ఆడిస్తారని ఆవిణ్ణి ఏడిపిస్తే, "మరి నేనెవర్ని ఆడించాలి బావా" అని వాడు పడీపడీ నవ్వేవాడు.

ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని అతను గొడ్డులా ఏడ్చాడు. పక్కన మాస్టారి శవాన్ని దించుతున్నవాళ్లు తలలు తిప్పుకున్నారు.

ముఖం తుడుచుకుని, "సార్, ఇది అప్పుడే విప్పి ఉంటే, బక్కోడి కోసం నేనింత గొడవ చేసేవాణ్ణా?" అని అడిగాడు.

డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. "నాకేం తెలుసు? విప్పలేదుగా" అన్నాడు.

చిత్రన్న ఆఫీసు గుడారానికి వెళ్లి, తడిసిన కాగితాలు పక్కకు తోసి, అలవాటుగా కుర్చీలో కూర్చున్నాడు. మేజరు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "లేవయ్యా. సొంతవాళ్ల సంగతి సొంతవాళ్లు రాయకూడదు. ఆ రూలు నాకు చెప్పింది నువ్వే" అన్నాడు.

అతను లేచాడు. మేజరు ఆ కుర్చీలో కూర్చున్నాడు. మాస్టారి సంగతి ముందు రాశాడు, తర్వాత మీసాలాయనది, నాయకుడిది. ఆఖరి కాగితం తీసి, తల ఎత్తకుండా అడిగాడు.

"కబురు ఎవరికి చెయ్యాలి?"

"అక్కకి సార్."

"అడ్రసు?"

ఈ ప్రశ్న అతను ఈ గుడారంలో ఎందరిని అడిగాడో లెక్కలేదు. చేతులు కట్టుకుని నిలబడి తన ఇంటి అడ్రసు చెప్పాడు. వీధి, ఇంటి నంబరు, మెట్లెక్కగానే ఎడమవైపు తలుపు. మేజరు రాసుకున్నాడు.

"బెల్లు పనిచెయ్యదు సార్" అన్నాడు చిత్రన్న. "తలుపు గట్టిగా తట్టమనండి. ఆవిడ వెనక వంటింట్లో ఉంటుంది, ఊరికే కొడితే వినపడదు."