బంధువు సంతకం

ఆసుపత్రిలో ఆమెను అందరూ స్లిప్పులక్క అనేవారు. వార్డుల నుంచి వచ్చిన ప్రతి ఫైలూ ముందు రికార్డుల గదిలో ఆమె బల్ల మీదికే చేరుతుంది. కాగితాలన్నీ ఉన్నాయా, ప్రతిదాని మీదా రోగి నంబరు పడిందా, సంతకాలు పెట్టాల్సినవాళ్లు పెట్టారా అని చూసి, ఏది తక్కువైనా పసుపు స్లిప్పు అంటించి వచ్చిన దారినే వెనక్కి పంపేస్తుంది. ఆ పసుపు రంగు కనిపిస్తే పెద్ద డాక్టర్లు కూడా తల పట్టుకునేవారు. "ఒక్క సంతకమేగా తల్లీ" అని బతిమాలితే, "ఒక్కటే కదండీ, పెట్టేయండి మరి" అనేది.

ఆమెకు ఉన్నది ఒక్క తమ్ముడు. ఇళ్లకు రంగులు వేసే పని అతనిది. అమ్మానాన్నలు పోయాక తనే పెంచింది. పెళ్లి మాట వస్తే "ముందు నువ్వు" అంటే "ముందు నువ్వు" అని ఒకరి మీదికి ఒకరు తోసుకుంటూ ఇద్దరూ అలాగే ఉండిపోయారు. ముప్పై ఆరో ఏట అతని కిడ్నీలు రెండూ పాడయ్యాయి. ఆమె తనది ఇస్తానంది. పరీక్షలు చేసి సరిపడదన్నారు. అప్పటినుంచి వారానికి మూడుసార్లు అక్కడే, రెండో అంతస్తులో, డయాలసిస్ మిషను పక్కన పూటంతా పడుకునేవాడు. మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా పట్టుకుని పైకి వెళ్లేది.

"ఈ పైకప్పుకి రంగేసినవాడెవడోగానీ రెండో కోటు ఎగ్గొట్టాడక్కా. పడుకుని చూసేవాళ్ల గోడు వాడికేం తెలుసు."

"నోరు మూసుకుని తిను."

"మూసుకుని ఎలా తినాలో నువ్వే చూపించు."

నర్సులు నవ్వేవారు. ఆమె మాత్రం నవ్వు ఆపుకుని మూత బిగించేది.

కొన్నేళ్లు అలా నడిచింది. తర్వాత అతని గుండె బలహీనపడింది. మిషను మీద ఉండగానే బీపీ పడిపోయేది, పిక్కలు కొంకర్లు పోయేవి. ఇంటికి వచ్చాక మళ్లీ బయల్దేరే రోజు దాకా మంచం దిగలేకపోయేవాడు. నిచ్చెన ఎక్కడం ఎప్పుడో మానేశాడు. ఇప్పుడు చేతిలో గ్లాసు కూడా నిలవడం లేదు.

ఒకరోజు డాక్టరుగారు ఆమెను పైకి పిలిపించారు. తమ్ముడు ఇక డయాలసిస్ వద్దన్నాడట. మానేస్తే ఎన్నాళ్లో ఉండడని వివరంగా చెప్పినా, తెలుసనే అన్నాడట. చికిత్స వద్దని రాసిన కాగితం ఆమె ముందుకు జరిపారు.

"నిర్ణయం ఆయనదేనమ్మా. కానీ ఇంట్లోవాళ్లకి కూడా తెలుసని మీ సంతకం ఉండాలి."

అలవాటు చొప్పున ఆమె కళ్లు పైనుంచి కిందికి వెళ్లాయి. రోగి సంతకం ఉంది. డాక్టరు సంతకం ఉంది. బంధువు అన్నచోట ఖాళీ.

"నేను పెట్టనండి" అని లేచి వచ్చేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో అతనే కదిపాడు.

"నువ్వు పెట్టకపోయినా మానేయొచ్చటక్కా. అడిగాను."

"మరి మానేయ్. నన్నెందుకు అడగడం?"

అతను దుప్పటి అంచు లాక్కున్నాడు.

"నీతో పోట్లాడి పోలేనక్కా."

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాతి రోజు అతను చొక్కా తొడుక్కుని ఆసుపత్రికి బయల్దేరాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ వానాకాలమంతా ఆమె కోసమే వెళ్లి వచ్చాడు.

ఆ మధ్యలో అతని ఫైలు కిందికి వచ్చింది. ఆ కాగితం అందులోనే ఉంది. స్లిప్పు అంటించాలి, ఎవరి సంతకం కావాలో దాని మీద రాయాలి. ఆమె పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసి, ఫైలును దొంతర అడుగుకి తోసింది.

ఒకరోజు పని కాస్త ముందే తెమిలి, ఆమె ఎప్పటికంటే త్వరగా పైకి వెళ్లింది. తలుపు దగ్గరే ఆగిపోయింది. తమ్ముడి పిక్కలు రెండూ మెలిపడి ఉన్నాయి. నర్సు వాటిని పట్టుకుని రుద్దుతోంది. పళ్లు బిగించి మూలుగుతున్నవాడు కాస్తా గోడ గడియారం వైపు చూశాడు.

"అక్క వచ్చే వేళయింది సిస్టర్. కాస్త మొహం తుడవండి. తలకింద ఇంకో దిండు పెట్టండి, హుషారుగా కనబడాలి."

నర్సు తుడిచింది. దిండు పెట్టింది. అతను ఊపిరి కూడదీసుకుని తలుపువైపు చూస్తూ మొహాన నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. ఆమె గోడ చాటుకు జరిగి, చెంగుతో కళ్లు ఒత్తుకుని, అప్పుడు లోపలికి వెళ్లింది.

"ఏం కూర తెచ్చావు? వాసన చూస్తే నువ్వు వండినట్టు లేదే, బాగుంది."

ఆమె డబ్బా బల్ల మీద పెట్టింది. మూత తీయకుండానే కిందికి వెళ్లి, దొంతర అడుగునున్న ఫైలు లాగి డాక్టరు గదికి తీసుకెళ్లింది. అక్కడ నిలబడే సంతకం చేసి, తారీఖు వేసి, తిరిగి వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"ఎల్లుండి మనం రావక్కర్లేదురా."

 అతను ఆమె మణికట్టు పట్టుకుని, అన్నం చల్లారిపోయేదాకా వదల్లేదు.

ఇంట్లో చివరి రోజులు నెమ్మదిగా గడిచాయి. ఆయాసం తగ్గడానికి మందిచ్చారు. మెలకువ వచ్చినప్పుడు గోడలు చూస్తూ పడుకునేవాడు.

"ఊరందరికీ రంగులేశాను. మనింటికి వెల్ల తప్ప దిక్కు లేదు."

"ఏ రంగు వేద్దామనుకున్నావు?"

"కస్టమరు నువ్వు. నువ్వే చెప్పాలి."

"లేత నీలం."

"మాసిపోద్దక్కా" అని కళ్లు మూసుకున్నాడు.

అలాంటి ఒక ఉదయం ఒళ్లు తుడుద్దామని ఆమె వేణ్ణీళ్లు తెచ్చేసరికి పోయాడు. నీళ్లు ఇంకా వేడిగానే ఉన్నాయని ఆమె తుడిచింది.

ఆమె మళ్లీ పనిలోకి వచ్చిన వారానికి ఫైలు బల్ల మీదికి వచ్చింది. పక్క బల్ల పెద్దావిడ, అందరూ పిన్నిగారు అనే ఆవిడ, చూసి చేయి చాపింది.

"ఇటివ్వమ్మా, నేను చూస్తాను."

"వద్దు పిన్నిగారూ. నేనే చేస్తాను."

వార్డులో కొత్త కాగితం పైన ఉంటుంది. మూసేసే ఫైల్లో మొదటి రోజుది పైకి రావాలి. ఆమె ఒక్కొక్కటే తీసి తిరగేస్తూ పోయింది. తన సంతకం ఉన్న కాగితం కిందికి పోయింది. పడిపోయిన బీపీలు, వాంతులు, కొంకర్లు దానిమీద పేరుకున్నాయి. తీస్తున్నకొద్దీ కాగితాల్లో అతని బరువు పెరుగుతోంది. సంతకాల్లో వణుకు తగ్గుతోంది. ఆఖరున మొదటి రోజు కాగితం చేతికొచ్చింది. ఎవరో నర్సు గుండ్రటి అక్షరాలతో రాసింది: రోగి నడిచి వచ్చారు. వెంట అక్క ఉన్నారు.

ఆమె దాన్ని దొంతర మీద పెట్టలేకపోయింది. అలాగే పట్టుకుని కూర్చుంది. అక్షరాల మీద నీళ్లు పడుతున్నాయని పిన్నిగారు లేచి వచ్చి, ఆ కాగితాన్ని ఆమె వేళ్ల మధ్య నుంచి మెల్లగా తీసి పైన పెట్టింది. అంచులు సర్ది, రంధ్రాల్లోంచి దారం దూర్చింది.

"నువ్వు కూర్చోమ్మా. ఇది నేను కడతాను."