మంచు మీద గీసిన ఇల్లు

డిసెంబరు మొదటి వారానికి సరస్సు గట్టిపడింది. మనిషి నడిచేందుకు చాలు, ట్రక్కుకు ఇంకా చాలదు. అందుకే వెర్లిన్ తన ట్రక్కును ఒడ్డునే వదిలి, పార భుజాన వేసుకుని సరస్సు మీదికి నడిచాడు. చేపలు పట్టుకోవడానికి కొనబోతున్న చక్రాల ఇంటిని అక్కకు గీసి చూపించాలని అతని ఉబలాటం. అలాంటి ఇంటిని సరస్సు మీదికి లాక్కెళ్లి, హ్యాండిల్ తిప్పి గడ్డ మీదికి దించి, అడుగునున్న కన్నాల్లోంచి గాలం వేస్తారు. కొనేముందు మంచు మీద గోడలు గీసుకుని, అందులో తిరిగి చూసుకోవడం ఆ ఒడ్డువాళ్ల అలవాటు.

అక్క అర్డిస్ ఒడ్డునే నిలబడిపోయింది. ఆమె ఈ ఒడ్డు దిగి ఏళ్లయింది.

ఆమె భర్త ఐనార్‌కు అలాంటిదే, రెండిరుసుల పెద్ద ఇల్లుండేది. చలిగాలి దూరకుండా దాని చుట్టూ మంచు ఎగదోసి ఉంచేవాడు. ఒక ఏడు మార్చిలో ఆ మంచు పగలు కరిగి, రాత్రి బిగుసుకుని, ఇంటి అడుగును కరిచి పట్టుకుంది. ఇళ్లన్నీ ఒడ్డెక్కాల్సిన గడువు దగ్గరపడింది. దాన్ని పెకలించి లాక్కొస్తానని ఐనార్ ఒక్కడే ట్రక్కులో వెళ్లాడు. "భోజనానికి వచ్చేస్తా" అన్నాడు. మెత్తబడిన మంచుగడ్డ ఆ బరువు మోయలేదు. ఆనాటి నుంచి ఎవరు చలికోటు తొడుక్కుంటున్నా అర్డిస్ మొహం తిప్పుకునేది. ఇప్పుడు తమ్ముడూ అంత ఇల్లే కొంటానంటున్నాడు. కొన్నాడంటే వీడినీ అలాగే సాగనంపాల్సి వస్తుందని ఆమె భయం.

"ఇరవై నాలుగడుగులక్కా! ఆరుగురం పడుకోవచ్చు!" వెర్లిన్ పారతో గీత లాగుతూ అరిచాడు.

"ఏ ఆరుగురురా? నీ పాట విన్నాక ఇంకెవరైనా నీతో ఉంటారా?"

"చేపలుంటాయిగా!"

"దాన్ని లాగేదెవరు? నీ ట్రక్కు నిన్ను మోయడానికే మూలుగుతోంది."

"రెండిరుసులక్కా. రోడ్డు మీద నిమ్మళంగా వస్తుంది."

"రోడ్డు సంగతి సరే. మంచులో కూరుకుపోతే? హ్యాండిల్ తిప్పి అంత ఇంటిని ఒక్కడివే చక్రాల మీదికి లేపుతావా?"

వెర్లిన్ పార ఆనించి నిలబడ్డాడు. "ఒడ్డున నిలబడి వంకలు పెడితే ఎలా? వచ్చి చూసి చెప్పు. రాకపోతే ఇదే ఖాయం చేసేస్తా. లోవెల్ సాయంత్రానికి మాట చెప్పమన్నాడు." లోవెల్ ఆ ఇళ్లు అమ్మేవాడు.

అర్డిస్ మంచు మీద కాలు పెట్టింది. మరో అడుగు వేసింది.

కొంత దూరం పోయాక గాలి మంచుపొడిని ఊడ్చేసిన చోట గడ్డ అద్దంలా ఉంది. ఆమె కిందికి చూసి ఆగిపోయింది. పైకి రాబోయిన గాలిబుడగలు పళ్లేల దొంతరల్లా నిలిచిపోయి ఉన్నాయి. వాటి కింద పచ్చటి నాచు నిటారుగా ఉంది. ఇంకా కింద రాళ్లు. వాటి మీద ఎండ పడుతోంది! ఐనార్‌ను తీసుకుపోయిన చోటంతా చీకటే అనుకుందామె, ఇన్నేళ్లూ.

ఒక చేప మెల్లగా వచ్చి, ఆమె బూటు కింద నుంచే, ఏ తొందరా లేకుండా సాగిపోయింది.

అప్పుడే ఎక్కడో దూరాన పుట్టిన మోత ఆమె కాళ్ల కింద నుంచి పరుగెత్తి అవతలి ఒడ్డును తాకింది. అర్డిస్ కొయ్యబారిపోయింది.

"భయపడకక్కా. చలికి ఇంకా దళసరి అవుతోంది. ఈ కాలంలో అరిచిందంటే బలం పోసుకుంటున్నట్టే."

"తెలుసు" అంది ఆమె. ఒడ్డు నుంచి ఎన్నోసార్లు విన్నదే. ఆ అరుపు అరికాళ్లలోంచి ఎక్కి పళ్లదాకా వస్తుందని మాత్రం తెలియదు.

వెర్లిన్ తలుపు కోసం వదిలిన సందులోంచే లోపలికి వెళ్లింది. ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. "ఇది ఇల్లట్రా, చర్చి! పార ఇలా ఇవ్వు."

వెనక గోడను బూటుతో చెరిపి, బాగా ముందుకు జరిపి గీసింది. "ఒకటే ఇరుసు. నీ ట్రక్కు లాగగలిగేది ఇంతే. ముక్కు కోసుగా ఉండాలి, గాలి చీలుతుంది. పొయ్యి, గ్యాసు ముందువైపు. బరువంతా వెనక్కి పోతే రోడ్డు మీద తోకాడిస్తుంది. అలాగని అంతా ట్రక్కుకు తగిలించే నొగ మీదే వేస్తే ట్రక్కు నడుం విరుగుతుంది. కిందికి దించినప్పుడు అడుగున చెక్కదిమ్మెలు పెట్టాలి. చుట్టూ మంచు ఎగదోయకూడదు. చలేస్తే ఇంకో స్వెటర్ తొడుక్కో."

"ఇవన్నీ నీకెలా తెలుసక్కా?"

"ఒడ్డున నిలబడి చూడటం తప్ప నేను చేసిందేముంది?"

ఒక పక్కన మంచం గీసింది. దానికెదురుగా ఇంకొకటి.

"అది ఎవరికి?"

"రెండోవైపు హ్యాండిల్ తిప్పేదానికి. నువ్వు వెళ్లినప్పుడల్లా నేనూ వస్తాను. వచ్చేటప్పుడు నాతోనే రావాలి."

వెర్లిన్ వంగి ఆ రెండో మంచం చూశాడు. "నువ్వు గురక పెడతావు."

"నువ్వు పాడతావు. చెల్లుకు చెల్లు."

పొడుగు సరిపోతుందో లేదోనని ఆమె ఆ రెండో మంచం గీతల మధ్య మోకాళ్ల మీదికి దిగి, మెల్లగా పక్కకు ఒరిగి పడుకుంది. కాళ్లు సరిపోయాయి. ఊలు టోపీ కాస్త పైకి లాగి, చెవిని గడ్డకు ఆనించింది.

"లే అక్కా, చెవి అంటుకుపోతుంది! లోవెల్‌కి ఏం చెప్పను, చిన్నదనేనా?"

అర్డిస్ చెయ్యి పైకెత్తి వాడిని ఆగమంది. కింద ఎక్కడో సరస్సు మళ్లీ గొంతు సవరించుకుంటోంది.