వెంట్రుకవాసి

దశరథం పాత ధోవతి పీలికతో యాంప్లిఫైయర్ మీది ఒక్కో గాజు వాల్వునూ తుడుస్తున్నాడు. చంటిపిల్ల చెవులు తుడిచినట్టు అదిమీ అదమకుండా తుడిచి, స్విచ్చి వేశాడు. నాలుగు గాజు గొట్టాల్లోనూ తీగలు ఎర్రబడేదాకా ఆగి, స్పీకరుకు చెవి ఆనించాడు. గుయ్యిమనే చప్పుడేమీ లేదు. అంతలో పైనుంచి విమానం దిగుతుంటే దుకాణం అద్దాల తలుపు జివ్వుమని వణికింది. అది దాటిపోయాక మళ్ళీ విన్నాడు. లేదు.

శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు పక్కనున్న ఆ దుకాణంలో అమ్మేది ఇళ్ళల్లో పాటలు వినే ఖరీదైన సామాను. అక్కడి యాంప్లిఫైయర్‌ను మోయాలంటే ఇద్దరు మనుషులు కావాలి, కొనాలంటే ఒక ప్లాటు అమ్ముకోవాలి. దశరథం అక్కడ మోసేవాడు, వైర్లు కలిపేవాడు, చెడిపోతే బాగుచేసేవాడు. యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి. ముప్పై ఏళ్ళు లౌడుస్పీకర్లు మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది. టంకం వేడికి కాలీ కాలీ వేళ్ళ కొసలు నున్నబడ్డాయి. ఫోను మీద వేలు పెడితే ఆ వేలు తనదేనని ఫోను ఒప్పుకోదు. ఒకప్పుడు సాతంరాయిలో మైకుసెట్టు దశరథం అంటే తెలియని ఇల్లు లేదు. డీజే డబ్బాలు వచ్చాక పేరు మిగిలింది, మైకుసెట్టు పోయింది.

ఇవాళ తుడుస్తున్నది మాత్రం దుకాణం సామాను కాదు, తను సొంతంగా చేసుకున్న యాంప్లిఫైయర్. నాలుగేళ్ళు పట్టింది. మైలార్‌దేవ్‌పల్లి పాత ఇనుము కొట్లలో రేకులు ఏరుకొచ్చాడు. మూతబడిన సినిమా హాల్లోంచి వాల్వులు తెచ్చాడు. ట్రాన్స్‌ఫార్మరు తీగ చేత్తో చుట్టాడు, తప్పు వస్తే విప్పి మళ్ళీ చుట్టాడు.

"ఆ డబ్బ మీదున్న పానం నా మీదుంటే నేను ఎప్పుడో రాణినైదును," అనేది పెళ్ళాం భారతమ్మ. అన్నదే గాని, మొన్న స్టీలు సామాను కొట్టుకు పోయి, గిన్నెల మీద పేర్లు కొట్టే మనిషి చేత ఇత్తడి రేకు మీద 'దశరథం, సాతంరాయి' అని చుక్కల అక్షరాలు కొట్టించి తెచ్చిందీ ఆమే. ఆ రేకూ, రెండు మరలూ ఇప్పుడు అతని చొక్కా జేబులో ఉన్నాయి. యాంప్లిఫైయర్ ముందు పలక మీద వాటికోసం బెజ్జాలు కూడా వేసి ఉంచాడు. ఆశ అంటే అదే మరి, ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

దుకాణం యజమాని రాజశేఖర్ కోస్తా నుంచి వచ్చినవాడు. పనివాణ్ణి కూడా మీరు అంటాడు.

"ఈ రోజు పరదా వెనక మీదీ, ఆ జర్మనీ యాంప్లిఫైయరూ పక్కపక్కన పెడదాం దశరథం గారూ. ఏది ఎవరిదో కొనడానికి వచ్చినాయనకు చెప్పను. మీదే బాగుందంటే మీ పేరుతోనే అమ్ముతాను. ఇంకో నాలుగు చేయించుకుంటాను."

"నిజంగనా సారూ?"

"నిజంగానే. ఆయన కాదంటే మాత్రం మళ్ళీ అడగొద్దు. ఇంకో మాట. గుండీ ముట్టుకోవద్దు. రెండూ సమానంగా ఉండాలి."

ఆ గుండీ సంగతి చెప్పాలి. రెండు యాంప్లిఫైయర్లకూ పాట పంపే పెట్టె ఒకటే, దానికి శబ్దం పెంచే గుండీ ఒకటే. ఎక్కడుంటే రెండూ సమానంగా పలుకుతాయో అక్కడ తెల్లచుక్క పెట్టి ఉంది. చుక్క దాటి వెంట్రుకవాసి తిప్పితే శబ్దం పెరిగిందని ఎవరూ అనుకోరు, పాటే బాగుందనుకుంటారు. రాజశేఖర్ చేయి ఎత్తి కళ్ళద్దాలు తీసి తుడిచాడంటే, తర్వాత మోగేదాన్ని వెంట్రుకవాసి పెంచమని సైగ. పరదా వెనక కూర్చుని, సందులోంచి చూస్తూ, నాలుగేళ్ళుగా దశరథం పెంచుతూనే ఉన్నాడు. ఈ కిటుకు రాజశేఖర్‌ది కూడా కాదు. పెళ్ళివారు పందిట్లోకి రాగానే మైకు రవ్వంత పెంచి మెప్పు కొట్టేసిన దశరథమే ఆయనకు నేర్పాడు.

పదకొండింటికి జగదీశ్ వచ్చాడు. పాల్మాకుల మనిషి, కొత్తగా విల్లా కట్టుకున్నాడు. దశరథాన్ని చూడగానే నవ్వాడు.

"నువ్వు మైకుసెట్టు దశరథం కదనే! మా అన్న లగ్గానికి నీదే సెట్టు. ఊరంతా ఇనవడ్డది."

"అవునన్నా. నాదే," అన్నాడు దశరథం. జేబు తడుముకుని పరదా వెనక్కి పోయాడు.

మొదటిదిగా తనదే మోగించాడు. డోలూ లేదు, తాళమూ లేదు. ఒక ముసలామె ఒంటిగొంతుతో పాడిన నాట్ల పాట. చరణం చివర ఆమె ఊపిరి తీసుకుంటుంటే, ఎదురుగా కూర్చుని తీసుకున్నట్టే ఉంది. సందులోంచి చూశాడు. జగదీశ్ కళ్ళు మూసుకున్నాడు. కాలు ఆడటం ఆగింది. దశరథం సందుకు ఇంకా దగ్గరగా జరిగాడు. ఇన్నేళ్ళలో ఒక మనిషి తన చేతి పని అలా వినడం అతను చూడలేదు.

అప్పుడే రాజశేఖర్ చేయి ఎత్తి, అద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచాడు.

పాట అయిపోయింది. దశరథం ఎడమ చేయి స్విచ్చిని జర్మనీదాని మీదికి మార్చింది. కుడిచేయి గుండీని తిప్పింది. మనసు వద్దనేలోపే తిప్పేసింది. వెంట్రుకవాసి. పాట మళ్ళీ మొదలైంది. ఇప్పుడు వెనక్కి తిప్పితే పాట మధ్యలో దిగినట్టు తెలిసిపోతుంది. సారు మాట ఇచ్చి కూడా సైగ చేశాడు గదా అని పళ్ళు కొరుక్కుంటూ అలాగే కూర్చుండిపోయాడు.

"రెండోదే అన్నా," అన్నాడు జగదీశ్. "ఒకటోది మంచిగనే ఉన్నది. గని రెండోదాంట్ల జర పానం ఎక్కువున్నది."

రాజశేఖర్ లేచి వచ్చాడు. తర్వాత పరదా తీసి చూపించాడు. ఒకటోది ఎవరు చేశారో చెప్పాడు.

"నిజమానే? శభాష్!" అని జగదీశ్ దశరథం వీపు తట్టాడు. "ఇగ చెవి చెప్పినంక మనం ఏం జేస్తం?"

కారు వెళ్ళిపోయాక రాజశేఖర్ లోపలికి వచ్చి గుండీ చూశాడు.

"ఎందుకు పెంచారు?"

"నన్నడుగుతరేంది సారూ? మీరే గద అద్దాలు తుడిసిండ్రు!"

రాజశేఖర్ ముఖం పాలిపోయింది. "సైగ కాదండీ. మీ దాంట్లో ఆ ముసలామె పాట వింటుంటే కళ్ళు చెమర్చాయి. అందుకు తీశాను."

దశరథం తన కుడిచేతిని చూసుకున్నాడు. ఎవరినైనా తిట్టుకుందామంటే ఎవరూ మిగల్లేదు. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

"ఆయనకు ఫోన్ చేసి చెప్పనా?" అన్నాడు రాజశేఖర్. అని, తనే తల దించుకున్నాడు. ఈ ఒక్క సంగతి చెబితే నాలుగేళ్ళుగా కొన్నవాళ్ళందరికీ చెప్పాలి.

"ఒద్దు సారూ. దుకాణం ఖరాబైతది."

మధ్యాహ్నం జర్మనీదాన్ని అట్టపెట్టెలో సర్ది, ఇంకో మనిషితో కలిసి వ్యాన్ ఎక్కించింది అతనే. వైర్లు చుట్టి కొక్కేలకు తగిలించాడు. సాయంత్రం టిఫిను డబ్బా పట్టుకుని, రోజూలాగే చెప్పులు వేసుకుని సాతంరాయి ఆటో ఎక్కాడు. పోతానని గాని, రానని గాని అనలేదు.

మరునాడు రాలేదు. మూడోనాడు రాజశేఖర్ ఫోన్ చేస్తే భారతమ్మ ఎత్తింది.

"మనిషి మంచిగనే ఉన్నడు సారూ. చేతి మీద నమ్మకం పోయిందంటున్నడు. ఇగ రాడు."

"ఆయన యాంప్లిఫైయర్ ఇక్కడే ఉందమ్మా. పంపించమంటారా?"

"ఒద్దంట. పేరు లేని డబ్బనే గద, ఉండనియ్యుండ్రి అన్నడు. పేరు రేకు తెచ్చి నా చేతుల పెట్టిండు. ఇగ నేనేం జేసుకోవాలె దాన్ని?"

రాజశేఖర్ ఫోను పెట్టేసి పరదా వెనక్కి వెళ్ళాడు. ధోవతి పీలిక మడత పెట్టి ఉంది. వాల్వుల మీద రెండు రోజుల దుమ్ము పడింది. గుండీ మాత్రం ఇంకా అతని చేయి వదిలిన చోటే, తెల్లచుక్క దాటి వెంట్రుకవాసి పక్కన ఉంది.