రొయ్య తల దగ్గర చూపు

బోగోలు దగ్గర చెరువులో వనామీ రొయ్యల పట్టుబడి ముగిసి నాలుగు గంటలయింది. గట్టు మీద నలభై ట్రేలు, వాటి నిండా ఐసు. లారీ మాత్రం లేదు. ఫొటో చూసి నచ్చితేనే పంపుతానని చెన్నైలో కొనే ఫ్రెడ్డీ షరతు పెట్టాడు. రొయ్యల వ్యాపారి హనీఫా ఒక్కచోట నిలవలేక గట్టంతా తిరుగుతున్నాడు. మనుషుల దగ్గర గడువు అడగొచ్చు, ఐసు దగ్గర అడగలేం.

ఐసు తోలే కామాక్షయ్య కూతురు వినీల బండి నీడన ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. కావలిలో ఇంజనీరింగు ఆఖరి ఏడు. ఫొటో చూసేవాళ్ల చూపు అందులో ఎక్కడ పడుతుందో ఆమె ప్రోగ్రాం ఊహిస్తుంది. ఆ చోటు స్పష్టంగా ఉంటే ఫొటోకి ఎక్కువ మార్కులు. చూపు పడని మూల మసకగా ఉన్నా పెద్దగా తగ్గించదు.

హనీఫా ఆరు ఫొటోలు తీసి ఆమెకిచ్చాడు. కూలికొచ్చిన రోజారమణి ట్రే పట్టుకుని నవ్వుతున్నదానికి తొంభై ఒకటి వచ్చింది. దాన్నే పంపాడు. నిమిషంలో ఫోను మోగింది.

"అన్నా, ఆమె నవ్వు బాగుండాది. రొయ్య ఎక్కడ?"

హనీఫా ఫోను పెట్టేసి వినీల వైపు తిరిగాడు. "నీ మిషను పెళ్లిసంబంధాలు చూస్తాందా పాపా?"

వినీల తెర తిప్పి చూపింది. చూపు పడే చోటని రోజారమణి మొహం మీద ఎర్రటి మచ్చ, రొయ్యల మీద ఏమీ లేదు.

"ఎవరి చూపులు నేర్పినావు దీనికి?"

"మా క్లాసోళ్లవి మామా. అరవై మందివి."

"వాళ్లలో రొయ్య కొన్నోడు ఒక్కడన్నా ఉండాడా?"

వినీల తల అడ్డంగా ఊపింది. "మరి నువ్వు ఎక్కడ చూస్తావు?"

"ఇక్కడ." రొయ్య తల, ఒళ్లు కలిసే చోట వేలు పెట్టాడు. "ఇది వదులైనా, నల్లబడినా సరుకు పాతబడినట్టే. నవ్వు ఎవురిక్కావాల?"

వంగి, ఫోను ఆనించినంత దగ్గరగా ఫొటో తీశాడు. చుట్టూ అంతా మసక. మార్కులు ముప్పై ఎనిమిది. కానీ తలల మొదళ్లు స్పష్టంగా కనబడుతున్నాయి. రెండిటికి సన్నటి నల్లగీత కూడా కనబడుతోంది. కంగారులో అంతసేపూ అతని కంటికే ఆనలేదు.

"ఆ రెండూ పక్కన పడేసి ఇంకోటి తీద్దాం మామా," అంది వినీల.

హనీఫా మనసులో లెక్క వేశాడు. గుప్పెట్లో రెండుంటే ట్రేలో ఎన్ని? సరుకు చెన్నైలో దిగాక ఫ్రెడ్డీ ముందు చూసేది ఆ మొదళ్లే. అప్పుడు దొరికితే ఈ సరుకుతో పాటు వచ్చే ఏడాది బేరాలూ పోతాయి.

ఆ ఫొటోనే పంపాడు. కింద మాట కూడా రికార్డు చేసి పెట్టాడు: "తలలు నల్లబడతా ఉండాయి. ఉన్నది ఉన్నట్టే."

చూసినట్టు గుర్తు పడింది. హనీఫా గట్టు చివరిదాకా నడిచి, వెనక్కొచ్చి, మళ్లీ నడిచాడు. ట్రేల అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"తలలు తీసిస్తావా అన్నా?" ఫోన్లో ఫ్రెడ్డీ గొంతు. "అట్టయితే తీసుకుంటా. వేరే సరుక్కని పంపిన లారీ మనుబోలు దాటింది, దాన్నే తిప్పుతా."

తలలు పోతే తూకంలో మూడో వంతు పోయినట్టే. మిగతా రెండు వంతులు నిలుస్తాయి.

"తిప్పు," అన్నాడు హనీఫా.

లారీ రావడానికి గంటన్నర టైము, నలభై ట్రేలు. కూలికొచ్చిన ఆడవాళ్లందరినీ కేకేసి, చొక్కా చేతులు పైకి మడిచి తలలు తీయడానికి తనూ టార్పాలిన్ పట్ట మీద కూర్చున్నాడు.

"నేను ఇక్కడే ఉండి నీ చూపు ఎక్కడ పడతాందో రాసుకోవచ్చా మామా?" అడిగింది వినీల.

"రాసుకునేది తర్వాత. చేతులు కడుక్కోనిరా, మా సరసన కూర్చో. పది తలలు తీసినాక నీ చూపే అక్కడికి పోతాది."