టోపీ కనబడని గడ్డి

డెల్మర్ వోపట్ ఆ ఏప్రిల్‌లో చేసిన తప్పు ఎవరి కంటా పడలేదు. పడకూడదనే చేశాడు కాబట్టి అందులో వింతేమీ లేదు.

అమెరికాలో కాన్సస్ రాష్ట్రపు ఫ్లింట్ కొండల్లో ఏప్రిల్ వస్తే మేత బీళ్ళకు నిప్పు పెడతారు. నిరుటి ఎండుగడ్డి కాలిపోయి, నల్లటి నేలలోంచి లేత పచ్చిక లేస్తుంది. వసంతంలో కొన్న బక్కదూడల్ని అందులోకి తోలితే వేసవంతా తల ఎత్తకుండా మేస్తాయి. ఒళ్ళు చేశాక అమ్ముకోవాలి. డెల్మర్ బతుకంతా ఇదే వ్యాపారం. కొనే రోజున ధర ఆకాశంలోనూ అమ్మే రోజున నేలమీదా ఉండటం తప్పితే ఇందులో పెద్ద చిక్కేమీ లేదని అతను అంటుండేవాడు.

బీడు అతనిది కాదు. ఇర్మా లిండ్‌గ్రెన్ అనే రిటైరైన టీచరుది. ఊళ్ళో సగంమందికి నాలుగో తరగతి పాఠాలు చెప్పిందావిడే. డెల్మర్‌కీ చెప్పింది, అతని బావమరిది రాస్కో పెనర్‌కీ చెప్పింది. ఇద్దరిలో ఎవరికీ లెక్కలు రాలేదని ఇప్పటికీ చెబుతుంది. కౌలుకు కాగితం లేదు. ఏటా అక్టోబరులో దూడలు వెళ్ళిపోయాక ఆవిడ కారులో వస్తుంది. వాళ్ళ నాన్న వాడిన బూడిదరంగు టోపీని గడ్డిలోకి విసురుతుంది. కొంతదూరం నడిచి వెనక్కి తిరుగుతుంది. టోపీ కనబడకపోతే చెయ్యి చాపుతుంది, మరో ఏడాదికి బీడు డెల్మర్‌ది. కనబడితే కౌలు పోయినట్టే. వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతి అది. సగం దూడలకు, సగం నేలకు అనేవాడట ఆ పెద్దమనిషి.

ఇన్నేళ్ళలో టోపీ ఒక్కసారీ కనబడలేదు. అయితే రెండేళ్ళుగా డెల్మర్‌కు మిగిలిందీ ఏమీ కనబడలేదు. పక్క బీడు రాస్కోది. అతను కిక్కిరిసేలా దూడల్ని తోలి, కొత్త పికప్ బండి కొని, దాన్ని కాఫీ హోటల్ అద్దాల ముందే ఆపేవాడు. ఆ బండిని చూసీ చూసీ డెల్మర్ మనసు చెడింది. ఈ ఏడు తనూ దూడల్ని ఎక్కువ తోలాలనుకున్నాడు. మరి టోపీ సంగతేమిటి? దానికీ ఉపాయం ఆలోచించాడు.

నిప్పు పెట్టే రోజున ఇరుగుపొరుగు రైతులంతా నీళ్ళ ట్యాంకులతో సాయానికి వచ్చారు. గేటు పక్కనున్న పల్లం చుట్టూ డెల్మర్ ముందే నేల తడిపేశాడు. మంట అక్కడిదాకా వచ్చి ఆగింది.

"ఇదెందుకు వదిలేశావ్ బావా?" అన్నాడు రాస్కో.

"అడవికోళ్ళు గుడ్లు పెట్టాయి."

"అడవికోళ్ళంటే నీకింత ప్రేమని నాకు తెలీదే."

"నాకూ ఈమధ్యే తెలిసింది," అన్నాడు డెల్మర్.

కాలిన చోట లేచిన లేతగడ్డినే దూడ మేస్తుంది. నిరుటి ఎండు కాడలున్న చోట మూతి పెట్టదు. పైగా డెల్మర్ ఉప్పుదిమ్మల్ని దూరంగా గుట్టమీద పెట్టాడు. ఉప్పున్న చోటే మంద తిరుగుతుంది. ఇక పల్లంలో గడ్డి నడుముదాకా లేస్తుంది. టీచరుకు నడుం దగ్గర ఎముక అరిగింది కాబట్టి గేటు దాటి ఎక్కువదూరం రాదు. టోపీ పల్లంలోనే పడుతుంది.

"ఇన్నేళ్ళూ బుర్ర వాడకుండా దాచుకున్నది ఇందుకా?" అంది అతని భార్య గ్లెండా, విషయం పసిగట్టి.

"నువ్వు చూస్తూ ఉండు."

"చూడబోయేది నేను కాదు, టీచరుగారు."

ఆ వేసవి వాన పడలేదు. గుట్టమీద గడ్డి బూటు మడమకు దిగింది, తర్వాత రాళ్ళు తేలాయి. జులైలోనే దూడల్ని తీసేయమని గ్లెండా పోరింది. ఒక్క వాన పడితే చాలంటూ డెల్మర్ ఆగాడు. సెప్టెంబరులో సంతకు తోలితే ఒక్కో దూడా నిరుటికంటే తేలిగ్గా తూగింది. దూడలు ఎక్కువ, కండ తక్కువ. మొత్తం మీద చేతికొచ్చింది ఎప్పుడూ వచ్చేదే. ఎక్కువ దూడల్ని తోలినందుకు అతనికి మిగిలింది ఎక్కువ చాకిరీ.

అక్టోబరులో టీచరు వచ్చింది. ఆ దారినే పోతున్నట్టుగా రాస్కో కూడా వచ్చి, బండి గేటు దగ్గర ఆపుకున్నాడు. డెల్మర్ కౌలు ఊడితే ముందుగా చెయ్యి చాపాలని అతని ఆశ. ఆ సంగతి అతను దాచలేదు కూడా.

"గాలి ఎక్కువగా ఉంది టీచర్‌గారూ, ఇక్కడే కానివ్వండి," అన్నాడు డెల్మర్, పల్లం అంచున నిలబడి.

"నాకోసం బాగానే ఆలోచించావు," అందావిడ.

టోపీ విసిరింది. కర్ర ఊతంతో నడిచి, తిరిగి చూసింది. నడుమెత్తు గడ్డి, టోపీ జాడ లేదు. డెల్మర్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆవిడ చెయ్యి చాపబోతోంది కూడా.

అంతలో గాలి గట్టిగా వీచింది. టోపీ గడ్డిలోంచి పిట్టలా లేచి, గుట్టవైపు దొర్లుకుంటూ పోయింది. డెల్మర్ ఆరడుగులు దాటిన మనిషి, పెద్ద పెద్ద అంగలేశాడు. అయినా అందలేదు. ఉప్పుదిమ్మలు పెట్టిన చోట, తెల్లటి రాళ్ళమీద అది బోర్లాపడి ఆగింది. చుట్టూ దాన్ని దాచగలిగిన గడ్డిపరక ఒక్కటి లేదు. గేటు దగ్గర్నుంచి కూడా దాని పట్టీ కనబడుతోంది.

టీచరు కర్ర పొడుచుకుంటూ గుట్ట ఎక్కింది. వద్దని ఆపే ధైర్యం డెల్మర్‌కు లేకపోయింది. ఆవిడ నేలకేసి చూసింది, మళ్ళీ కిందికి వచ్చింది, పల్లంలో ఒక గుప్పెడు గడ్డి పీకింది. పచ్చటి కాడల మొదళ్ళలో నిరుటి బూడిదరంగు కసవు ఉంది.

"ఇక్కడ కాల్చలేదు."

"అడవికోళ్ళు..." అన్నాడు డెల్మర్.

"నాలుగో తరగతిలో కూడా లెక్క తప్పయితే పుస్తకానికి చెయ్యి అడ్డం పెట్టేవాడివి. చెయ్యి పెరిగింది, అంతే."

రాస్కో బండి దిగి దగ్గరికొచ్చాడు. "టీచర్‌గారూ, ఇలాంటప్పుడు చెప్పకూడదు గానీ, వాడిచ్చేదానికంటే నేను ఎక్కువే ఇస్తాను."

"మీ బీట్లో టోపీ దాకా ఎందుకు నాయనా, చొక్కా గుండీ తెగిపడినా ఇక్కణ్ణుంచి కనబడుతుంది."

రాస్కో వెళ్ళి బండిలో కూర్చున్నాడు.

"ఏడాదిపాటు ఈ బీట్లో ఏ దూడా మేయడానికి వీల్లేదు," అంది టీచరు. "నీదీ కాదు, వాడిదీ కాదు. గడ్డి తేరుకోవాలి."

ఏడాదిపాటు దూడల్లేకపోతే తన గతేమిటో డెల్మర్‌కు తెలుసు. కానీ నోటికి వచ్చింది ఇంకో మాట. "మరి మీ కౌలు డబ్బులు?" ఆవిడ ఇంటి కప్పు కారుతోందని, ఈసారి కౌలుతో కొత్తది వేయిస్తుందని ఊరందరికీ తెలుసు.

"కప్పు ఇంకో ఏడాది కారుతుంది. బకెట్లున్నాయి." టోపీ అతని చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గరుంచు. వచ్చే అక్టోబరులో నువ్వే విసురు."

అరిచినా, తిట్టినా డెల్మర్ తట్టుకునేవాడు. బకెట్లు అనే మాట తట్టుకోలేకపోయాడు. దొంగతనం చేసినవాడిలా సిగ్గుపడ్డాడు, చేసింది కూడా అదే.

గ్లెండా టోపీని వంటింట్లో కాఫీ డబ్బా పక్కన పెట్టింది. రోజూ కాఫీ డబ్బా తీసేటప్పుడు టోపీని అతనివైపు తిప్పి పెట్టేది.

ఆ ఏడాది డెల్మర్ వేలం సంతలో గేట్లు తీసే పనికి కుదిరాడు. పక్కవాళ్ళ దూడల్ని బోనుల్లోకి తోలాడు, అందులో రాస్కోవీ ఉన్నాయి. ఏప్రిల్‌లో మళ్ళీ బీడుకు నిప్పు పెట్టాడు, ఈసారి పల్లంతో సహా.

"దూడలే లేవుగా బావా, ఎవరికోసం కాలుస్తున్నావ్?" అన్నాడు రాస్కో.

"ఆ సంగతి గడ్డికి తెలీదుగా," అన్నాడు డెల్మర్.

మే నెలలో నిచ్చెన వేసుకుని టీచరు ఇంటి కప్పు ఎక్కాడు. ఆవిడ బయటికొచ్చి, చాలాసేపు కింద నిలబడి చూసింది. "మేకులు వంకరగా కొడుతున్నావు," అని లోపలికి వెళ్ళి, ఇద్దరికీ కాఫీ పెట్టింది.

మళ్ళీ అక్టోబరు వచ్చింది. ఆవిడ కారు దిగలేకపోయింది. డెల్మరే కారు నడిపి, బీట్లోకి తెచ్చి ఆపాడు.

"ఎక్కడ విసరమంటారు?"

"నీకు సిగ్గేసే చోట."

గుట్టమీదికి వెళ్ళాడు. రాళ్ళమధ్య గడ్డి మొలిచింది గానీ పల్లంలో ఉన్నంత లేదు. ఉప్పుదిమ్మలుంచిన చోటే టోపీ విసిరాడు. కారువైపు నడిచి, తిరిగి చూశాడు. గడ్డి కొసలపైన టోపీ నెత్తి కొంచెం, బూడిదరంగులో, తేలి ఉంది.

కారులో కూర్చున్న మనిషికి అది కనబడదు. కనబడలేదని అంటే చాలు, మరో ఏడాదికి బీడు అతనిది.

"కనబడుతోంది టీచర్‌గారూ," అన్నాడు.

కారు అద్దం దించి ఉంది. ఆవిడ తల బయటికి పెట్టింది.

"ఎంత?"

"పైన కాస్త."

"నిలబడి చూస్తున్నావా?"

"అవునండీ."

"మా నాన్న నా అంత ఎత్తే ఉండేవాడు. ఈ పద్ధతి పెట్టింది ఆయన. నువ్వు చూస్తే కరెంటు స్తంభమంత ఉన్నావు. వంగు."

డెల్మర్ వంగాడు. గడ్డి కొసలు పైకి లేచాయి. టోపీ మాయమైంది.

"ఇప్పుడో?"

"లేదండీ."

"అయితే వెళ్ళి వెతికి తీసుకురా. వసంతంలో దూడలు తక్కువ తోలు. జులైలో తీసెయ్."

డెల్మర్ గుట్టమీదికి వెళ్ళి, గడ్డిలో మోకాళ్ళమీద కూర్చున్నాడు. గడ్డిచాటున కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు అలాగే ఉన్నాడు.

"దొరికిందా?" అని కేకేసింది టీచరు.

"ఇంకా లేదండీ," అన్నాడు. టోపీ అతని చేతిలోనే ఉంది.