జోడీ లేనివాళ్ళు

ఆ ఇంట్లో ఏ ప్రయాణానికైనా ముందు సామాన్లకి కాపలా ఎవరో తేలాలి, ఆ తరువాతే టిక్కెట్లు. తేలేదేముంది, ఎప్పుడూ చిన్నమ్మాయే. యాభై దాటి జుట్టు నెరిసినా అన్నయ్య ఇంట్లో ఆవిడ చిన్నమ్మాయే. పెళ్ళి చేసుకోని ఆడదానికి వయసు రాదని వాళ్ళ నమ్మకం కాబోలు. వాటర్ పార్కులో చెప్పుల దగ్గరా, జెయింట్ వీల్ కింద సంచుల దగ్గరా కూర్చుని కూర్చుని ఆవిడకి విసుగెత్తింది. ఈసారి సముద్రంలోకి దిగి తీరాలనుకుంది.

ఈసారి వెళ్ళేది మెరైన్ పార్కుకి. మూడు పక్కలా కొండలు అడ్డున్న చిన్న అఖాతం అది. అలల తాకిడి ఉండదు, చేపల్ని పట్టనివ్వరు, పగడాల్ని ముట్టనివ్వరు. స్కూబా కోచ్ దగ్గరుండి నీళ్ళ కిందికి తీసుకెళ్తాడు. అయితే మాస్కు వేసుకోవాలి, దాని లోపల కళ్ళజోడు పట్టదు. ఇంటిల్లిపాదికీ చత్వారమో, దూరం చూపు లోపమో ఉంది. చిన్నమ్మాయి పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. ఇంకేముంది, అద్దాలు అరగదీసి మాస్కుల్లో అతికించే పని ఆవిడ నెత్తిన పడింది. ఒక్కొక్కరినీ కిటికీ దగ్గర నిలబెట్టి కనుపాపల మధ్య దూరం కొలిచింది. అందరూ వెళ్ళాక అద్దం ముందు నిలబడి తనదీ కొలుచుకుంది.

ఆదివారం భోజనాలయ్యాక, తుడిచిన బల్ల మీద మాస్కులన్నీ వరసగా పెట్టింది.

"ఐదెందుకు?" అన్నాడు అన్నయ్య. "నేనూ మీ వదినా, అమ్మాయీ అల్లుడూ. నలుగురమేగా?"

"ఐదోది నాది."

"ఒంటరిగా దింపరే చిన్నమ్మాయ్. జోడీ ఉండాలిట. ఒకరి సిలిండర్‌లో గాలి ఇంకొకరు చూసుకోవాలి, ఏమన్నా అయితే పట్టుకోవాలి. మా అందరికీ జోడీలున్నాయి. నీకు..." అని ఆగాడు. ఆగకుండా అనేసినా ఆవిడకి అంత మండేది కాదు. "హాయిగా పడవలో కూర్చుని సామాన్లు చూద్దువుగాని. గాలి బాగా తగుల్తుంది."

మేనకోడలు ఫోన్లో తల దూర్చింది. అల్లుడు గోడ చూశాడు.

ఇన్నేళ్ళూ ఇలాంటి మాటలు గుటుక్కున మింగింది చిన్నమ్మాయి. ఇంక మింగదలుచుకోలేదు.

"జోడీ అంటే మొగుడేనని నీకెవరు చెప్పారన్నయ్యా? ఒంటికన్నుతో వచ్చినవాళ్ళకి కూడా కళ్ళజోడు చేసిచ్చాను నేను. ఒక కన్నేగా ఉంది, చూడ్డం మానెయ్యమని ఎవరినీ అనలేదు."

అని ఊరుకోలేదు. కోచ్‌కి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. "బాబూ, మొగుడు లేనివాళ్ళు నీళ్ళలోకి దిగకూడదా?"

అవతల పెద్ద నవ్వు. "భలేవారండీ! మొగుడూ పెళ్ళాల్నైతే నేనే విడదీస్తాను. నీళ్ళ కింద కూడా ఒకరిమీద ఒకరు పెత్తనం చేస్తారు. కంగారు పడని మనిషిని చూసుకుని జోడీ కట్టండి, చాలు." ఫోన్ పెట్టేశాడు.

వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటున్న వదిన ముందుకొచ్చింది. "అయితే నేను చిన్నమ్మాయితో దిగుతాను."

"నాతో కాదూ?" అన్నాడు అన్నయ్య.

"నాకసలే నీళ్ళంటే భయం. మీరు పక్కనుంటే ఆ భయానికి తిట్లు కూడా తోడు. తను రోజూ ఈతకి వెళ్తుంది, నన్ను కసరదు."

అన్నయ్య కూతురి వైపు చూశాడు. కూతురు గబుక్కున మొగుడి చెయ్యి పట్టుకుంది.

"మరి నేనెవరితో?" అన్నాడు. గొంతు చిన్నదైపోయింది.

చిన్నమ్మాయికి జాలేసింది. నిజంగానే వేసింది, తోడబుట్టినవాడు కదా. కానీ ఆ ప్రశ్న ప్రతి ప్రయాణంలోనూ ఆవిడ మనసులో మెదులుతూనే ఉంది, ఈ ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేదు.

"వదినా, ఇలా రా," అంది. "నీ మాస్కు పట్టీ కాస్త వదులు చెయ్యాలి."