పొయ్యి కట్టెయ్యని ఆవిడ

కూతురు సినిమా చదువు చదువుతోంది. సినిమా తియ్యడం కాదు, చూడటం. చూడటానికి కూడా కాలేజీ ఉంటుందని తెలిసిన రోజునే తల్లి దిగులు మొదలుపెట్టింది. పిల్ల ఆ పరీక్ష తప్పిందని విన్నాక ఇక కూడు సయించలేదు. సినిమా చూసి ఫెయిలైనవాళ్ళు వాళ్ళ వంశంలో లేరు.

ఈసారి కూడా పోతే ఏడాదంతా మళ్ళీ చదవాలి. మాటల్లేని మూడు నిమిషాల సినిమా ముక్కొకటి ఇచ్చి, "ఇది చూస్తుంటే ప్రేక్షకులకు ఏమవుతుంది, ఎందుకవుతుంది?" అని రాయమన్నాడు లెక్చరరు. సాయంత్రం ఐదింటికల్లా పంపాలి. కూతురు ఆరు పేజీలు రాసింది. ఆ ముక్కలో కనిపించే తాళం పితృస్వామ్యమట, గది అందులోని ఆవిడ అంతరంగమట.

"అంతరంగం ఇంత ఇరుకేంటే? ఏదీ, నన్నూ చూడనీ," అంటూ తల్లి కుర్చీ లాక్కుంది.

తెర మీద ఒకావిడ పాలు పొయ్యి మీద పెట్టింది. ఫోను మోగింది. దాన్ని చెవిన పెట్టుకునే చెప్పులేసుకుని, బయటికొచ్చి తాళం వేసింది. ఆ తర్వాతంతా బజారులో తీరిగ్గా గొడుగు బేరమాడటమే.

"పొయ్యి! పొయ్యి కట్టెయ్యలేదే!" తల్లి లేచి నిలబడింది. "ఓసి నీ బేరం తగలెయ్య, ఇంటికి పోవే!"

"అమ్మా, ఆవిడకి వినపడదు."

"నీకు కనపడిందా?"

కూతురు తన ఆరు పేజీలూ తిరగేసింది. తాళం మీద పేజీన్నర రాసిన పిల్లకి పొయ్యి కనపడలేదు.

"మనకి తెలిసి, పాత్రకి తెలియకపోతే దాన్ని ఉత్కంఠ అంటారు," అంది కూతురు, పాఠం గుర్తొచ్చి.

"దానికి పేరు కూడా పెట్టారా! నువ్వు బండెక్కిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా నాకు రోజూ అదే. నాకెవడూ డిగ్రీ ఇవ్వలేదు."

కూతురు ఆరు పేజీలూ కొట్టేసింది. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, గుండె ఎక్కడ గుభేల్మంది, గొడుగుల దగ్గర చేతులెందుకు పిసుక్కున్నావు, ఎప్పుడు తిట్టాలనిపించింది అని గుచ్చి గుచ్చి అడిగి రాసింది. ఐదింటికి ఇంకా రెండు నిమిషాలున్నాయనగా పంపింది. కరెంటు పోతుందేమోనని ఆ చివరి పేజీ పొడుగూతా తల్లి బల్బుకేసి చూస్తూనే ఉంది.

వారం తిరక్కుండా పాసయినట్టు కబురొచ్చింది. కింద లెక్చరరు ఒకే ఒక్క వాక్యం రాశాడు: "ఈసారి సినిమా చూసి రాశారు."

కూతురు గంతులేసింది. తల్లి మొహం మాత్రం పాలిపోయింది.

"అంటే మిగతా పిల్లలూ నీలాగే చూడకుండా రాస్తున్నారా? వాళ్ళందరూ తప్పుతారేమోనే! వాళ్ళ అమ్మలకి ఎవరైనా చెప్పారా?"